ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?



న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊరి పేరు వినని తెలుగిల్లు ఇవాళ తక్కువ. కొడుకో కూతురో, వాళ్ళు కాకపోతే వేలువిడిచిన మేనమామ మనవడో, ఎవరో ఒకరు అక్కడుంటారు. ఓక్ ట్రీ రోడ్డు మీద దోసెలు దొరుకుతాయి, గోంగూర దొరుకుతుంది, పట్టుచీరలు దొరుకుతాయి. దొరకనిదల్లా ఎడిసన్ ఒక్కడే.

ఆ ఊరికి ఆయన పేరు పెట్టింది 1954లో. ఆయన పోయి అప్పటికి 23 ఏళ్ళు. అంతకు ముందు దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. అందులో రైలు దారి పక్కన మెన్లో పార్క్ అని ఓ చిన్న పల్లె. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో అక్కడ ప్రయోగశాల పెట్టాడు. మనిషి మాటను పట్టి మళ్ళీ వినిపించే ఫోనోగ్రాఫు 1877లో అక్కడే పుట్టింది. గంటల తరబడి ఆరకుండా వెలిగే బల్బు 1879లో అక్కడే వెలిగింది. ఇప్పుడు ఆ ల్యాబు అక్కడ లేదు. చూడాలంటే మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ దాకా పోవాలి. ఎడిసన్ అంటే ప్రాణం పెట్టే హెన్రీ ఫోర్డ్ 1929లో తన మ్యూజియం ఆవరణలో మెన్లో పార్క్‌ను మళ్ళీ నిలబెట్టాడు. న్యూజెర్సీ మట్టి కూడా తవ్వించి తెప్పించి అక్కడ పోయించాడు. అభిమానమంటే అదీ. మెన్లో పార్క్‌లో మిగిలింది 1938లో కట్టిన ఓ స్తంభం. 130 అడుగుల పైమాటే. దాని నెత్తిన పెద్ద గాజు బల్బు, కింద చిన్న మ్యూజియం. సెలవు రోజున పిల్లలు అమ్మానాన్నలను తీసుకెళ్ళి, దాని ముందు నిలబెట్టి ఫొటో తీసి, ఎడిసన్‌ను చూపించేశాం అనుకుంటారు.

ఆయన కాపురమున్న ఇల్లు చూడాలంటే అక్కడి నుంచి ఉత్తరంగా వెస్ట్ ఆరెంజ్ అనే ఊరికి వెళ్ళాలి. ట్రాఫిక్ లేకపోతే కారులో ముప్పావుగంట. ఇంటి పేరు గ్లెన్‌మాంట్. 1886 నుంచి 1931లో కన్నుమూసే దాకా 45 ఏళ్ళు ఎడిసన్ ఉన్నది అక్కడే. అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మేం చూసొచ్చింది ఆ ఇంటినే.

వెళ్ళడంలో చిన్న తిరకాసుంది. ఆ ఇల్లున్నది లెవెలిన్ పార్క్ అనే కాలనీలో. 1850లలో వేసిన కాలనీ అది. అమెరికాలో ముందుగా ప్లాను గీసి, చుట్టూ గేట్లు పెట్టి కట్టిన తొలి నివాస కాలనీల్లో ఒకటి. ఇప్పటికీ అందులో జనం కాపురాలుంటున్నారు. కాబట్టి నేరుగా గేటు దగ్గరికి పోతే లోపలికి రానివ్వరు. ముందు కొండ కింద మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న ఎడిసన్ ల్యాబుకు వెళ్ళి, టికెట్టుతో పాటు కారుకు ఓ పాసు తీసుకోవాలి. గేటు దగ్గర కాపలా మనిషి ఆ పాసు చూశాకే కారు కదలాలి. మా ఆవిడ, "ఎవరింటికో పేరంటానికి వెళ్తున్నట్టుందే" అంది. ఆ మాటలో ఎంత నిజముందో ఇంట్లో అడుగు పెట్టాక తెలిసింది.

ఇల్లు పెద్దది. ఎర్రటి ఇటుక, చెక్క, వాలుగా దిగిన కప్పులు, ఎటు చూసినా ఓ చిమ్నీ. 29 గదులు. ఇంతటి మేధావి ఇల్లు కదా, ఏ తలుపు ముట్టుకుంటే ఏ గంట మోగుతుందోనని మా మనవడు చూస్తున్నాడు. అలాంటిదేమీ లేదు. ఎందుకంటే ఈ ఇల్లు ఎడిసన్ కట్టించింది కాదు. కుర్చీలు, బల్లలు, తివాచీలు చాలావరకు ఆయన ఎంచుకున్నవీ కావు.

కట్టించినవాడు హెన్రీ పెడర్. న్యూయార్క్‌లో ఆర్నాల్డ్ కాన్‌స్టేబుల్ అనే పెద్ద బట్టల దుకాణంలో నమ్మకస్తుడైన ఉద్యోగి. 1880లో మొదలుపెట్టి రెండేళ్ళలో ఈ మేడ కట్టాడు. జీతగాడికి ఇంత మేడెలా వచ్చిందని యజమానులకు అనుమానం రావడానికి మరి కాస్త కాలం పట్టింది. లెక్కలు తీస్తే దుకాణం సొమ్మే మేడైంది. ఇల్లు రాసిచ్చేసి పెడర్ తప్పుకున్నాడు. దుకాణం వాళ్ళకు ఇల్లక్కర్లేదు, డబ్బు కావాలి. అసలు విలువలో సగానికి, లక్షా పాతిక వేల డాలర్లకు, లోపలి సామానుతో సహా ఎడిసన్‌కు అమ్మేశారు. తనకైతే ఇది మరీ ఎక్కువే గాని, తన భార్యకు మాత్రం ఇంకా తక్కువేనని ఎడిసన్ అన్నాడట. ఈ కథ చెబుతుంటే గైడు ముఖంలో నవ్వు ఆగలేదు. ప్రపంచం మొక్కే ఆవిష్కర్త ఇల్లు చూద్దామని వచ్చినవాళ్ళు ముందు చూసేది ఓ గుమాస్తా కొట్టేసిన డబ్బును, అతగాడి అభిరుచిని.

అక్కడే మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "ఏవండీ, ఇల్లు ఎవరి పేరు మీద ఉందో అడగండి" అంది. నాకు కాస్త మొహమాటం వేసింది. అల్లుడు అడిగాడు. జవాబు విన్నాక ఇంటిని చూసే చూపే మారిపోయింది నాకు.

1891లో ఎడిసన్ ఈ ఇంటిని తన భార్య మైనాకు అమ్మేశాడు. ఎడిసన్ చేతికి డబ్బు ఎంత వేగంగా వచ్చేదో అంత వేగంగా ప్రయోగాల్లోకి పోయేది. అప్పులవాళ్ళు రేపు కోర్టుకెక్కినా కాపురముంటున్న ఇల్లు పోకూడదని ఆ ఏర్పాటు. మన దగ్గర వ్యాపారం చేసేవాళ్ళ ఇళ్ళు చాలావరకు ఎవరి పేరున ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాకపోతే మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఆ ఏర్పాటు కాగితం దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఆగలేదు. గ్లెన్‌మాంట్‌కు మైనా నిజంగానే యజమాని. తనను తాను ఆమె గృహిణి అనుకోలేదు, ఇంటికి ఎగ్జిక్యూటివ్‌ని అని చెప్పుకునేది.

ఆమె కథ కొంచెం చెప్పాలి. ఎడిసన్ మొదటి భార్య మేరీ 1884లో పోయింది. ముగ్గురు పిల్లలు. మరుసటేడు మైనా మిల్లర్ పరిచయమైంది. ఆమెది ఒహాయోలోని ఏక్రన్. తండ్రి లూయిస్ మిల్లర్ కోతయంత్రాలు తయారుచేసి పేరు తెచ్చుకున్నవాడు. అంటే ఆవిష్కర్త ఇల్లెలా ఉంటుందో పుట్టింట్లోనే చూసిన పిల్ల. చిన్నతనం నుంచీ వినికిడి తగ్గిన ఎడిసన్‌కు, టెలిగ్రాఫు ఆపరేటరుగా మోర్స్ కోడ్ కంఠతా వచ్చు. ఆమెకు అది నేర్పాడు. పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది కూడా నోటితో కాదు, ఆమె అరచేతి మీద వేలితో తట్టి. ఆమె కూడా తట్టే సరే అంది. పక్కనున్నవాళ్ళకు తెలియకుండా సంబంధం ఖాయమైపోయింది. 1886 ఫిబ్రవరి 24న పెళ్ళి. ఆయనకు 39, ఆమెకు 20. పెళ్ళికి ముందే, ఊళ్ళో ఇల్లు కావాలా, ఊరి బయట ఇల్లు కావాలా అని అడిగితే, ఊరి బయటదే ఎంచుకున్నది ఆమె. అలా వచ్చింది గ్లెన్‌మాంట్. ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి సవతి కూతురు మేరియన్‌కు 13 ఏళ్ళు. అమ్మకూ కూతురుకూ మధ్య ఎనిమిదేళ్ళ తేడా కూడా లేదు. ఆ ఇంట్లో మొదటి రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి.

కింది అంతస్తంతా వచ్చేపోయేవాళ్ళ కోసం. హెలెన్ కెల్లర్, ఆర్విల్ రైట్, హెన్రీ ఫోర్డ్ వంటివాళ్ళు వచ్చి కూర్చున్న ఇల్లది. 1914లో కూతురు మడలీన్ పెళ్ళి ఇక్కడి డ్రాయింగ్ రూములోనే జరిగింది. బరువైన చెక్కపని, బరువైన తెరలు. గైడు చెబుతున్నంతసేపూ మా మనవడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూనే ఉన్నాడు. నాకూ అక్కడ పెద్దగా మనసు నిలవలేదు.

నిలిచింది మేడ మీద. అక్కడ ఇంటివాళ్ళు కూర్చునే గది ఉంది. అందులో రెండు రాత బల్లలు. ఒకటి ఎడిసన్‌ది. దాన్ని ఆయన తన ఆలోచన బల్ల అనేవాడు. రెండోది మైనాది. పనివాళ్ళ జీతాలు, భోజనానికి ఎవరెవరు వస్తున్నారో ఆ లెక్క, తోటపని, పిల్లల చదువులు, ఊళ్ళో ఆమె నడిపే సంఘాల ఉత్తరాలు, అన్నీ ఆ బల్ల మీద నుంచే. మైనాకు ముగ్గురు పిల్లలు, మడలీన్, చార్లెస్, థియొడోర్. వీళ్ళు పెరిగింది ఇక్కడే. చార్లెస్ తరవాత న్యూజెర్సీ గవర్నరయ్యాడు. జూలై 4 పండక్కి ఎడిసన్ సొంతంగా టపాకాయలు చేసి, పిల్లల కాళ్ళ దగ్గర పడేసి గంతులు వేయించేవాడట. తండ్రితో గడిపిన రోజులు పిల్లలకు అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం, అలాంటివి తక్కువ కావడమేనని నాకనిపించింది.

ఎందుకంటే ఆయన ఉండేది ఇంట్లో కాదు. పెళ్ళయిన మరుసటేడు, 1887లో, కొండ దిగువన కొత్త ల్యాబు కట్టాడు. మెన్లో పార్క్‌దాని కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ ల్యాబులో తయారైన కరెంటే భూమిలో తీగల మీదుగా పైకొచ్చి, అప్పటిదాకా గ్యాసు దీపాలున్న గ్లెన్‌మాంట్‌ను వెలిగించింది. కరెంటు వచ్చినంత తరచుగా మనిషి రాలేదు. యజమాని అయి ఉండి కూడా ఎడిసన్ పనివాళ్ళతో పాటు గడియారంలో కార్డు గుద్దేవాడు. వారానికి ఎన్ని గంటలు పనిచేశాడో ఆ కార్డులు చెబుతాయి. ల్యాబు లైబ్రరీలో పుస్తకాల బీరువాల మధ్య ఓ మంచం ఉంది, ఇప్పటికీ చూడొచ్చు. బల్ల మీదా బెంచీ మీదా నిద్రపోతున్న భర్తను చూడలేక మైనా వేయించిన మంచమది. నాకు ఆ రెండు చోట్లలోనూ అన్నిటికన్నా నచ్చిన వస్తువు అదే. ఇంటికి రమ్మని పోరి పోరి, రాడని తేలాక, అక్కడికే మంచం పంపింది. ల్యాబును ఆయన ఇల్లు చేసుకున్నాడు, ఇంటిని ఆమె ఆఫీసు చేసుకుంది.

ఇంటి వెనక ఓ గ్యారేజీ ఉంది. 1908లో కట్టినది. గోడలు, కప్పు అంతా అచ్చుల్లో పోసిన కాంక్రీటు. ఎడిసన్‌కు అప్పట్లో సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. సామాన్యులకు మొత్తం ఇల్లు ఒకే అచ్చులో పోసి చవకగా ఇవ్వాలని ఆయన కల. కల పెద్దగా సాగలేదు గాని, గ్యారేజీ చెక్కుచెదరలేదు. అందులో ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగు పెట్టే ఏర్పాటుంది. వందేళ్ళ నాటిది. కార్ల కోసం నికెల్, ఇనుము కలిపిన బ్యాటరీ మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు. అది బాగా కుదిరేనాటికి పెట్రోలు కార్లు చవకై రోడ్లు నిండిపోయాయి. ఆ కార్లు చవక చేసినవాడు ఆయన ప్రియశిష్యుడు ఫోర్డే. మా అల్లుడిది ఎలక్ట్రిక్ కారు. ఆ చార్జింగు బోర్డు ముందు అతను ఎంతసేపు నిలబడ్డాడంటే, "అల్లుడు గారూ, మన కారు ఇక్కడ పెట్టుకోనిస్తారంటారా?" అని మా ఆవిడ అడిగేంతసేపు.

రేడియోలో మాట్లాడుతూ ఇంకో సంగతి చెప్పకుండా పోలేను. ఎడిసన్‌కు రేడియో అంటే గిట్టదు. 1920లలో అమెరికా అంతా రేడియో పిచ్చిలో ఉంటే, ఇది నాలుగు రోజుల మోజు, పాటను ఇంత పాడుచేసి వినిపించే పెట్టె ఎక్కువకాలం నిలవదన్నాడు. ఈ మాట అన్నది చెవులు సరిగా వినబడని మనిషి. పాట వినడానికి ఫోనోగ్రాఫు చెక్కను పళ్ళతో కరిచి, ఆ అదురు ఎముకల గుండా పట్టుకునేవాడు. అలాంటివాడు తన కంపెనీ రికార్డులకు గాయకులను తానే ఎంపిక చేసేవాడు కూడా. గొప్ప పేరున్న గాయకులకు పెద్ద సొమ్ము ఎందుకివ్వాలన్నది ఆయన వాదన. ఎదుటి కంపెనీ వాళ్ళు కరూసో వంటి గాయకుల పేర్లతోనే రికార్డులు అమ్ముకున్నారు. మన ఊళ్ళల్లో నాటకాల పద్యాలు మోగించిన గ్రామఫోన్ పళ్ళేలు కూడా ఎడిసన్ దారిలోవి కావు. బల్లపరుపు పళ్ళెం ఎమిల్ బెర్లినర్ అనే మరో ఆయన తెచ్చినది. కొడుకులు నచ్చజెప్పగా, రేడియోలు చేయడానికి తండ్రి 1920ల చివర్లో గాని ఒప్పుకోలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. 1929 అక్టోబరులో ఎడిసన్ కంపెనీ ఫోనోగ్రాఫుల తయారీయే ఆపేసింది.

ఇందులో అసలు చిత్రం వేరే ఉంది. బల్బు లోపల గాజుకు నల్లటి మసి పడుతుంటే, కారణం పట్టుకోవడానికి ఎడిసన్ లోపల ఓ లోహపు రేకు అదనంగా పెట్టి చూశాడు. వేడెక్కిన తీగ నుంచి, మధ్యలో ఏ తీగా లేకుండానే, రేకులోకి కరెంటు పారుతోంది. 1883లో దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. కొత్త ఉపయోగమేదీ తోచలేదు, పక్కన పడేశాడు. ఒకప్పుడు ఎడిసన్ కంపెనీకి లండన్‌లో సలహాదారుగా పనిచేసిన ఆంబ్రోస్ ఫ్లెమింగ్, 1904లో సరిగ్గా ఆ పనితీరుతోనే రేడియో తరంగాలను పట్టే వాల్వు చేశాడు. పాత రేడియో వెనక అట్ట తీస్తే లోపల ఎర్రగా వెలుగుతూ కనబడేవి, మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ గాజు వాల్వులన్నీ దాని సంతానమే. 1093 అమెరికా పేటెంట్లున్న మనిషికి చేతిలోకి వచ్చి జారిపోయింది ఇది. ఇంత పెద్ద అంకె వెనక మనుషుల పెద్ద దండు, వాళ్ళ రాత్రులు ఉన్నాయని కూడా అనుకోవాలి. పేటెంటు కాగితం మీద వాళ్ళలో చాలామంది పేర్లు కనబడవు.

మేడ మీద పడకగదిలో 1931 అక్టోబరు 18 తెల్లవారుజామున 3 గంటల 24 నిమిషాలకు ఎడిసన్ కన్నుమూశాడు. 84 ఏళ్ళు. మంచం దగ్గర కొన్ని గాజు పరీక్షనాళికలున్నాయి. వాటి మూతులకు మైనం పెట్టి మూయమని కొడుకు చార్లెస్ డాక్టరుతో చెప్పాడు. తండ్రి ఆఖరి శ్వాస ఆ గదిలో గాలిలోనే కదా ఉంది, అదీ లెక్క. అందులో ఒకటి హెన్రీ ఫోర్డ్‌కు పంపారు. అది డియర్‌బార్న్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. మట్టి తెచ్చుకున్నవాడికి గాలి కూడా దక్కింది. అంత్యక్రియల రోజు, అక్టోబరు 21 రాత్రి 10 గంటలకు దేశమంతా కాసేపు దీపాలు తగ్గించండని ప్రెసిడెంటు హూవర్ కోరాడు. 52 ఏళ్ళ కిందట బల్బు వెలిగిందని చెప్పుకునే రోజు కూడా అదే.

సాధారణంగా ఇలాంటి కథలు ఇక్కడ ఆపేస్తారు. మైనా కథ ఇక్కడ ఆగలేదు. 1935లో, 70 ఏళ్ళ వయసులో, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఎడ్వర్డ్ హ్యూస్ అనే చిన్ననాటి పరిచయస్తుణ్ణి. గైడు ఈ మాట చెప్పినప్పుడు మా ఆవిడ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. 1940లో హ్యూస్ పోయాక ఆమె మళ్ళీ ఎడిసన్ పేరే పెట్టుకుంది. ఇల్లు ఆమెది, ఏం చేయాలన్నది ఆమె ఇష్టం. 1946లో, మున్ముందు స్మారకంగా ఉంచాలన్న ఒప్పందం మీద, ఎడిసన్ కంపెనీకే అమ్మింది. మరుసటి ఏడు, 1947లో పోయింది. 1950లలో ఇల్లూ ల్యాబూ ప్రభుత్వం చేతికొచ్చాయి. ఈ రోజు మనం ఆ కుర్చీల మధ్య, ఆ రెండు బల్లల మధ్య నడుస్తున్నామంటే, పక్కనున్న స్థలాల్లాగా ఆ స్థలమూ ముక్కలై అమ్ముడుపోలేదంటే, ఆమె చేసిన ఆ ఏర్పాటు వల్లనే. ఎడిసన్, మైనా ఇద్దరి సమాధులూ 1963లో వేరే శ్మశానం నుంచి తెచ్చి ఇంటి వెనక పచ్చికలో పెట్టారు. నేలకు పరిచిన రెండు మామూలు రాళ్ళు.

ఆ చోటుకు ప్రభుత్వం పెట్టిన పేరు మాత్రం థామస్ ఎడిసన్ జాతీయ చారిత్రక పార్కు. ల్యాబుకు ఆ పేరు సరే. ఇంటి ముందు బోర్డు మీద మైనా పేరు ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుండునని నా అభిప్రాయం. నేను ఈ మాట అంటే గైడు ఒప్పుకుంది. ఆమె ఉద్యోగం కాబట్టి గట్టిగా ఒప్పుకోలేదు.

మీరు న్యూజెర్సీ వెళ్తే, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ వెళ్తారు, మెన్లో పార్క్ స్తంభం దగ్గర ఫొటో ఎలాగూ దిగుతారు. వెస్ట్ ఆరెంజ్‌కు మాత్రం ఒక రోజంతా పెట్టుకోండి. ల్యాబు ముందు చూసి, మంచం చూసి, తరవాత కొండెక్కండి. ఆ వరుసలో చూస్తేనే ఇల్లు అర్థమవుతుంది. మరమ్మతులని ఇంటి లోపలికి ఒక్కోసారి పంపరు, కాబట్టి బయల్దేరే ముందే మీ పిల్లల చేత కనుక్కోమనండి. లోపలికి పంపకపోయినా తోట, గ్యారేజీ వైపు తిరిగి రావచ్చేమో అడగండి. కారు పాసు ల్యాబు దగ్గరే తీసుకోవాలి, మరిచిపోకండి. గేటు దగ్గర మనిషి మొహమాటపడడు.